పాడినోడి పేరు, రాసినోడి పేరు

రోలింగ్ స్టోన్స్ మొదటి ఆల్బమ్ ప్రస్తావన వస్తే చాలు, మనవాళ్ళలో ఎవరో ఒకరు "అదంతా కాపీయే కదా బాస్" అని తేల్చేస్తారు. లెక్క చూస్తే కాదనడానికి లేదు. 1964 ఏప్రిల్ 16న డెక్కా కంపెనీ వదిలిన ఆ ఎల్పీలో 12 పాటలు. మిక్ జాగర్, కీత్ రిచర్డ్స్ కలిసి రాసుకున్నది అందులో ఒకే ఒక్కటి, 'టెల్ మీ'. ఇంకో రెండు బ్యాండంతా కూర్చుని కట్టి, 'నాంకర్ ఫెల్జ్' అనే ఉత్తుత్తి పేరు మీద వేసుకున్నవి (వాటిలో ఒకదానికి ఫిల్ స్పెక్టర్ పేరు కూడా తోడు). మిగతా 9 పాటలూ పరాయివే. చాలామటుకు అమెరికాలోని నల్లజాతి సంగీతకారులు రాసినవీ, పాడినవీ.

అయితే "కాపీ" అన్న మాట దగ్గరే నాకు పేచీ. ట్యూన్ ఎత్తేసి, మాటలు మార్చి, మనదేనని చెప్పి అమ్ముకుంటే కాపీ. ఫలానావాళ్ళ పాట అని ఒప్పుకుని మన గొంతుతో పాడితే కవర్. ఈ రెండో దానికి తెలుగులో సరైన మాట లేదు. కవర్ అంటే మనకి కిరాణా కొట్లో ఇచ్చే ప్లాస్టిక్ కవరే గుర్తొస్తుంది :). మన సినిమావాళ్ళు రీమిక్స్ అనే మాటతో సరిపెట్టేశారు. 'గ్యాంగ్ లీడర్' వాన పాట 'రచ్చ'లోకి, 'కొండవీటి దొంగ' శుభలేఖ 'నాయక్'లోకి వచ్చింది ఆ దారిలోనే. వాటి గురించి అంతకంటే చెప్పుకునేదేమీ లేదు.

మాట లేదుగానీ, పద్ధతి మాత్రం మనకి ఎప్పటినుంచో ఉంది. జాతరలో అమ్మే భజన పాటల పుస్తకం తిరగేసి చూడండి. ప్రతి పాట పైన చిన్న అక్షరాల్లో "ఫలానా సినిమా పాట వరస" అని ఉంటుంది. అయ్యప్ప పాటలకీ అదే, ఉద్యమ పాటల పుస్తకాల్లోనూ అదే. పుస్తకంలో స్వరాలు అచ్చువేసే సౌకర్యం లేదు కాబట్టి, పాడేవాడికి ట్యూన్ తెలియడానికి పెట్టుకున్న గుర్తు అది. కానీ తెలిసో తెలియకో అదొక నిజాయితీ కూడా. అప్పు ఎక్కడ తెచ్చారో పాట నెత్తిమీదే రాసుకున్నారు. ఓపెన్ సోర్స్ కోడ్ వాడుకున్నప్పుడు ఫైల్ పైన కాపీరైట్ నోటీసు ఉంచాలని మనకి చెబుతారు చూడండి, దాదాపు అదే పని.

సరే, స్టోన్స్ దగ్గరికి. ఆ రికార్డుని లండన్‌లో డెన్మార్క్ స్ట్రీట్‌లోని రీజెంట్ సౌండ్ అనే చిన్న స్టూడియోలో 1964 జనవరి, ఫిబ్రవరి నెలల్లో చేశారు. రెండు ట్రాకుల టేపు మిషను, చప్పుడు ఆపడానికి గోడలకి కోడిగుడ్ల అట్టలు. జాగర్‌కీ రిచర్డ్స్‌కీ అప్పటికి 20 ఏళ్ళు. ఆ వయసూ ఆ ఇరుకు గదీ రెండూ పాటల్లో వినిపిస్తాయి. 'ఐ జస్ట్ వాంట్ టు మేక్ లవ్ టు యు' విల్లీ డిక్సన్ రాయగా మడ్డీ వాటర్స్ 1954లో పాడిన పాట. ఆయన తాపీగా, ఇంట్లో పెద్దాయన మాట్లాడినట్టు పాడతాడు. వీళ్ళేమో బస్సు తప్పిపోతున్నట్టు పరిగెత్తించారు. 'కెన్ ఐ గెట్ ఎ విట్నెస్'లో జాగర్‌కి ఊపిరి అందలేదని తెలిసిపోతుంది, మార్విన్ గే పక్కన పెట్టి వింటే జాలేస్తుంది. 'కేరల్', 'రూట్ 66' మాత్రం నిలబడ్డాయి. అక్కడ ఆ తొందరే పాటకి బలమైంది. సొంత పాట 'టెల్ మీ' మొత్తం ఆల్బమ్‌లో పేలవమైన వాటిలో ఒకటి, ఇది నా అభిప్రాయం.

'ఐయామ్ ఎ కింగ్ బీ' సంగతి వేరు. అది లూయిసియానాకి చెందిన స్లిమ్ హార్పో 1957లో ఇచ్చిన పాట. స్టోన్స్ దాన్ని దాదాపు ఉన్నదున్నట్టు పాడారు, బాగానే పాడారు. కానీ కొన్నేళ్ళ తర్వాత జాగరే ఒక ఇంటర్వ్యూలో, స్లిమ్ హార్పో పాడింది ఉండగా మాది వినడమెందుకు అన్న అర్థంలో మాట్లాడాడు. ఆ మాట అనగలిగాడంటే కారణం, అసలు పాట అంగట్లో దొరుకుతోంది. పోల్చి చూసుకునే వీలుంది. (అన్నట్టు ఆ స్లిమ్ హార్పో పాటలతో బతుకు గడవక సొంతంగా లారీల వ్యాపారం కూడా నడుపుకున్నాడు. 1970లో పోయాడు.)

ఈ ఆల్బమ్‌లో నాకు నచ్చే సంగతి ఇంకోటుంది. అట్ట ముందువైపు బ్యాండ్ పేరే లేదు. ఐదుగురి ఫోటో, మూలన కంపెనీ గుర్తు, అంతే. పేరు లేకపోయినా 12 వారాలు ఇంగ్లండ్‌లో నంబర్ వన్‌గా కూర్చుంది. రికార్డు లేబుల్ మీద మాత్రం ప్రతి పాట పక్కనా రాసినవాడి పేరుంది: డిక్సన్, బెర్రీ, మూర్ (అంటే స్లిమ్ హార్పో), రూఫస్ థామస్. పాడినవాళ్ళు తమ పేరు దాచుకుని, రాసినవాళ్ళ పేరు వేసిన రికార్డు ఇది. కావాలని చేశారని కాదు. కానీ ఫలితం అదే.

ఇప్పుడు అసలు విషయం. మన దగ్గర ఇలాంటి ఆల్బమ్ ఏదైనా ఉందా అని ఆలోచిస్తే నాకు తట్టేది 1979 నాటి 'మా భూమి' సినిమా పాటలు. రాక్ బ్యాండ్ ఎక్కడ, మా భూమి ఎక్కడ అని నవ్వకండి. తర్వాత ఒక తరాన్ని ఊపేసిన గొంతు ఒకటి ఎక్కువమందికి మొదటిసారి వినబడింది ఆ సినిమాలోనే. అదీ సొంత పాటతో కాదు, పరాయి పాటతో. గద్దర్ పాడిన 'బండెనక బండి కట్టి'.

ఆ మాటకొస్తే ఆ సినిమా మొత్తం ఒకరి దగ్గరిది ఇంకొకరు అందుకున్నదే. కథకి ఆధారం కిషన్ చందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'. పేరు వింటే సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు 1947లో రాసిన నాటకం గుర్తొస్తుంది. దర్శకుడు గౌతమ్ ఘోష్ బెంగాలీ, అదే ఆయన తొలి కథాచిత్రం. నిర్మాతల్లో బి. నర్సింగరావుది మన తెలంగాణ. సంగీతం జానపద పాటల్ని ఊరూరా సేకరించిన వింజమూరి సోదరీమణుల్లో ఒకరైన సీతాదేవిది, ఆమెది కోస్తా. ఇన్ని చేతులు మారి కూడా సినిమా తెలంగాణ మట్టి వాసనే వేసిందంటే అది పాటల వల్లే అని నా నమ్మకం.

ఆ పాటల్లో రెండు అందరికీ తెలుసు. ఒకటి 'పల్లెటూరి పిల్లగాడా'. పశువులు కాసే జీతగాడు, చిన్న పిల్లోడు, వాడిని పలకరిస్తూ సాగే పాట. రాసినది సుద్దాల హనుమంతు, నల్లగొండ జిల్లా సుద్దాల ఊరాయన. 1940లలో సాయుధ పోరాటం నాటి కవి, కళాకారుడు. రెండోది 'బండెనక బండి'. అది యాదగిరి రాసినది. బండి యాదగిరి అంటారు. ఆయనా ఆ పోరాటంలో మనిషే. అంటే సినిమా వచ్చేసరికే రెండూ 30 ఏళ్ళ పాత పాటలు.

స్టోన్స్‌కీ గద్దర్‌కీ తేడా ఇక్కడ మొదలవుతుంది. స్టోన్స్ కవర్ చేసిన పాటలకి ఒరిజినల్ రికార్డులున్నాయి, వాటిని విని నేర్చుకున్నారు. యాదగిరి పాటకి అలాంటిది లేదు. దళాలు పాడుకునే పాటని, అదీ నైజాం మీద పాటని, ఏ గ్రామఫోన్ కంపెనీ రికార్డు చేస్తుంది? నోటి నుంచి నోటికి 30 ఏళ్ళు నడిచి వచ్చింది. మన భాషలో చెప్పాలంటే అప్‌స్ట్రీమ్ రిపోజిటరీ ఎప్పుడో మాయమైంది, మిగిలింది ఫోర్క్ ఒక్కటే. దాంతో ఆ ఫోర్కే ఒరిజినల్ అయి కూర్చుంది. గద్దర్ పాడినది ఉండగా ఇంకోటి వినడమెందుకు అనేవాళ్ళే గానీ, జాగర్ అన్నట్టు తిప్పి అనగలిగే అవకాశమే లేదు.

పాడటం వరకు అయితే నాకు సందేహం లేదు. గద్దర్ కవర్ స్టోన్స్ కవర్ల కంటే చాలా ఎత్తులో ఉంది. ఆ పాట నిజానికి ఒక వెక్కిరింపు. పారిపోక తప్పని దొరని బళ్ళ లెక్క చెబుతూ ఆటపట్టించే పాట. ఇలాంటి పాటని కోపంగా పాడితే చెడిపోతుంది, సరదాగా పాడితే పలచబడుతుంది. గద్దర్ దాన్ని పిలుపులా ఎత్తుకుని, గుంపు అందుకోవడానికి జాగా వదిలాడు. ఒక్కడు పాడుతున్నా వెనకాల వందమంది ఉన్నట్టు అనిపిస్తుంది. కుర్ర స్టోన్స్‌కి మడ్డీ వాటర్స్ వయసు రాలేదు, అందుకే పరిగెత్తారు. గద్దర్ ఆ పాటకి సరిపడా బరువుతోనే వచ్చాడు. అప్పటికాయన జననాట్య మండలిలో పాడుతూ, కెనరా బ్యాంకులో ఉద్యోగం కూడా చేస్తున్నాడు. అంతకుముందు ఇంజనీరింగ్ మధ్యలో వదిలేశాడు. బ్యాంకు ఉద్యోగం మానేసింది 1984లో. పొద్దున కౌంటర్ దగ్గర, సాయంత్రం గజ్జెలు కట్టి. మనలో చాలామందికి వీకెండ్‌లో గిటార్ పట్టుకునే టైమ్ కూడా దొరకదు, అదలా ఉంచండి.

పాట అంతగా అంటుకోవడానికి గొంతు ఒక్కటే కారణం కాదు. కాలం కూడా. నైజాం రాజ్యం 1948 సెప్టెంబర్‌లోనే పోయింది. ఆ లెక్కన 1979లో నైజాంని వెక్కిరించే పాట మ్యూజియం సరుకు కావాలి. కానీ అంతకు కొన్ని నెలల ముందే, 1978 సెప్టెంబర్ 7న జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అక్టోబర్‌కల్లా జగిత్యాల, సిరిసిల్ల తాలూకాల్ని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. మా ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి, కోరుట్ల మీదుగా జగిత్యాలకి ఒకటే రోడ్డు. ఆ రోడ్డు మీద ఊళ్ళలో ఈ పాట విన్నోళ్ళకి "నైజాం అంటే ఎవరు" అని ఫుట్‌నోట్ అక్కర్లేదు. పాటలో తిట్టు ఎవరికి తగలాలో వాళ్ళకి తెలుసు. పాత పాటలో ఒక్క మాట మార్చకుండా కొత్త అర్థం వచ్చి చేరింది. కవర్ పాటకి ఇంతకన్నా పెద్ద పని ఇంకేముంటుంది? చికాగో బ్లూస్‌ని లండన్ కుర్రాళ్ళు పాడినప్పుడు ఊరు మారింది, బతుకు మారింది, వినేవాళ్ళు మారారు. ఇక్కడ ఊరు అదే, బతుకు దాదాపు అదే, దొర ఒక్కడే మారాడు.

ఇంతవరకు మార్కులన్నీ మనకే. పేరు దగ్గరికి వస్తే మాత్రం కథ తిరగబడుతుంది.

ఆర్మూర్‌లో నేను పెరిగే రోజుల్లో క్యాసెట్ రికార్డింగ్ షాపుకి చీటీ రాసిస్తే పాటలు ఎక్కించి ఇచ్చేవారు. ఆ క్యాసెట్ మీద స్కెచ్ పెన్నుతో రాసి ఉండేది "గద్దర్ పాటలు". అందులో మొదటిది 'బండెనక బండి'. ఇంజనీరింగ్ అయ్యేదాకా యాదగిరి అనే పేరే నా చెవిన పడలేదు. నా తోటివాళ్ళని అడిగినా అంతే. 'పల్లెటూరి పిల్లగాడా' విషయంలో ఇంకో చిత్రం జరిగింది. సినిమాలో అది పాడిన సంధ్యకి "మాభూమి సంధ్య" అన్నదే పేరుగా స్థిరపడిపోయింది. పాడినామెకి సినిమా ఇంటిపేరైంది. రాసిన హనుమంతుని మాత్రం చాలామంది, సినిమా కవి సుద్దాల అశోక్ తేజ వాళ్ళ నాన్న అనే గుర్తుపడతారు.

ఇది గద్దర్ తప్పనో, సంధ్య తప్పనో నేననడంలేదు. ఆ పాటలతో వాళ్ళు సొమ్ము చేసుకోవడానికి పోలేదు. ఇంగ్లండ్‌లో వ్యవహారం అలా కాదు, పేరు వెనక డబ్బుంది. స్టోన్స్ అదే 1964లో సాఫీగా పేర్లు వేశారు గానీ, 1968లో 'ప్రోడిగల్ సన్' అనే పాటని మొదట తమ పేరు మీదే వేసుకున్నారు. అది రెవరెండ్ రాబర్ట్ విల్కిన్స్ పాట, తర్వాత దిద్దారు. లెడ్ జెపెలిన్ మీద విల్లీ డిక్సన్ 1985లో కోర్టుకెక్కితే రెండేళ్ళకి రాజీ కుదిరింది. ఇక 'హౌస్ ఆఫ్ ది రైజింగ్ సన్' పాటని యానిమల్స్ బ్యాండ్ 1964లో పాడినప్పుడు, అది సంప్రదాయ గీతం కాబట్టి రచయిత లేడు, బాణీ కూర్చినవాడిగా ఒక్క అలన్ ప్రైస్ పేరే లేబుల్ మీద పడింది. ఐదుగురు కలిసి చేసిన పాట రాయల్టీ ఒకడి ఖాతాలోకి పోయింది.

ఆ "సంప్రదాయ గీతం" అన్న ముక్కని మనం "జానపదం" అంటాం. వినడానికి ఎంతో మర్యాదగా ఉంటుంది. ప్రజల పాట, అందరి పాట. కానీ ఒక పాటకి జానపదం అని చీటీ అంటించిన రోజున, దాన్ని కట్టినవాడు ఒకడుండేవాడన్న సంగతి గాల్లో కలిసిపోతుంది. జానపదాలన్నిటికీ రచయితని వెతకమని కాదు నేననేది. వందల ఏళ్ళుగా నలిగిన బతుకమ్మ పాటకి రచయిత ఎవరంటే ఏం చెబుతాం? కానీ యాదగిరి వందల ఏళ్ళనాటివాడు కాదు. మన తాతల వయసు మనిషి. ఆయన పాటని ఆ గుంపులో కలిపేయడానికి 30 ఏళ్ళే పట్టింది.

ఇదే జిల్లాలో దీనికి ఎదురు ఉదాహరణ ఉంది. దాశరథిని నైజాం ప్రభుత్వం నిజామాబాద్ ఖిల్లా జైల్లో పెట్టింది. అక్కడ బొగ్గుతో గోడ మీద పద్యాలు రాశాడని స్కూల్ పిల్లలకి కూడా తెలుసు. అదే కాలం, అదే శత్రువు. దాశరథి పేరు ఎందుకు చెరగలేదంటే ఆయన చదువుకున్న కవి, పుస్తకాలు అచ్చయ్యాయి, అట్ట మీద పేరు పడింది. యాదగిరికి పుస్తకం లేదు, నోరే ఉంది. జైలు గోడ మీద బొగ్గు గీతకైనా సంతకం ఉంటుంది గానీ, నోటి పాటకి ఉండదు.

పసుపు పండించేవాళ్ళకి ఈ బాధ కొత్త కాదు. మా ఆర్మూర్, బాల్కొండ వైపు రైతులు కాడీ గోళా వేరు చేసి, ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టించి, నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని లారీలు కట్టుకుని మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా పోయి అమ్ముకోవడం ఏళ్ళుగా ఉంది. పండింది మా చెల్కల్లో, కొన్నవాడికి మాత్రం అది సాంగ్లీ మార్కెట్ సరుకు. 2018లో సాంగ్లీ పసుపుకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. నిజామాబాద్‌కి పసుపు బోర్డు రావడానికి 2025 జనవరి దాకా ఆగాల్సి వచ్చింది, అదీ 2019 ఎన్నికల్లో 170 మందికి పైగా రైతులు నామినేషన్లు వేసి, బ్యాలెట్‌లో 185 పేర్లు నింపి గొడవ చేశాక. పేరు ఎక్కడ పడాలో అక్కడ పడకపోతే ఎంత పోతుందో మా దగ్గర లెక్కతో సహా చెబుతారు. పాటకి ఆ లెక్క లేదు, అందుకే ఎవరూ అడగరు.

అడిగినప్పుడు ఏమైందో కూడా చూశాం. 2021లో శేఖర్ కమ్ముల 'లవ్ స్టోరీ'లో 'సారంగదరియా' వచ్చింది. రచన సుద్దాల అశోక్ తేజ, పాడింది మంగ్లీ, కోట్లమంది చూశారు. పల్లవి జానపదానిది, చరణాలు కొత్తగా రాసినవి. ఆ పాటని ముందే ఊళ్ళో సేకరించి టీవీలో పాడిన ఒక గాయని, నా సంగతేమిటి అని అడిగింది. అప్పుడు టీవీ చర్చల్లో సగంమంది ఆమెని ఎగతాళి చేశారు: జానపదం అందరిదీ కదా, నీ సొంతమా అని. అందరిదీ అయితే రచన అనే చోట ఒక్క పేరే ఎందుకు పడాలి అన్న ప్రశ్న మాత్రం ఎక్కువసేపు నిలవలేదు. చివరికి దర్శకుడు కలగజేసుకుని ఆమెకి గుర్తింపు ఇస్తామన్నాక గొడవ సద్దుమణిగింది.

నాకు ఇందులో మనసు కలుక్కుమనే సంగతి వేరే. అశోక్ తేజ హనుమంతు కొడుకు. 2003లో 'ఠాగూర్' సినిమాకి 'నేను సైతం' రాసి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. ఆ పల్లవి శ్రీశ్రీది అని తెలుగువాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. శ్రీశ్రీ నుంచి తీసుకుంటే అది నివాళి అవుతుంది, ఎందుకంటే ఆ పేరు అందరి నోటా ఉంది. పేరు లేని పల్లెటూరి పాట నుంచి తీసుకుంటే అది జానపదం అవుతుంది. తండ్రి పాట మీద తండ్రి పేరు నిలవకపోవడం చూసినవాళ్ళ ఇంట్లోనే ఈ ప్రశ్న మళ్ళీ వచ్చి కూర్చోవడం నాకు విచిత్రంగా అనిపిస్తుంది. ఆయన మంచి కవి, అందులో రెండో మాట లేదు. 'ఆర్ఆర్ఆర్'లో 'కొమురం భీముడో' ఒక్కటి చాలు.

గద్దర్ 2023 ఆగస్టు 6న పోయారు. తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులకి ఆయన పేరు పెట్టి, 2025 జూన్‌లో మొదటిసారి ఇచ్చింది. 'ఒరేయ్ రిక్షా'లో తన పాటకి వచ్చిన నంది అవార్డుని వద్దన్న మనిషి పేరు మీద అవార్డులు, సరే. ఆ నెలంతా టీవీల్లో, వాట్సాప్ స్టేటస్‌లలో మళ్ళీ 'బండెనక బండి' మోగింది. నేను చూసిన ఒక్క వీడియో కింద కూడా యాదగిరి పేరు లేదు.

నా దగ్గరున్న ఎంపీత్రీ ఫైల్‌కి మాత్రం ట్యాగులు సరిచేశాను. ఆర్టిస్ట్ అన్నచోట గద్దర్, ఆల్బమ్ అన్నచోట మా భూమి, రచయిత అన్న గడిలో బండి యాదగిరి. కారులో పెడితే స్క్రీన్ మీద మొదటి రెండే కనబడుతున్నాయి. మూడోది చూపించే సెట్టింగ్ ఆ ప్లేయర్‌లో లేదు.